ఫలాలీను బొంత

బొంత అనే మాటకు మన భాషలో ఏనాడూ మర్యాద దక్కలేదు. నాలుగు పుస్తకాలు ముందేసుకుని ఎవరైనా ఒక వ్యాసం రాస్తే "అతుకుల బొంత" అని తీసిపారేస్తారు. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం కడితే అదీ అతుకుల బొంతే. పెళ్ళిపీటల మీద కూర్చున్న యిద్దరూ అంతంత మాత్రంగా వుంటే "గంతకు తగ్గ బొంత" అని వెనక వరసలో నవ్వుకుంటారు. ఇన్ని మాటలు పడుతూ కూడా అది దండెం మీదనో, ట్రంకుపెట్టె మీదనో తన చోటు తాను చూసుకుని ప్రతి యింట్లోనూ వుంటూనే వచ్చింది. మార్గశిరం రాగానే, మాట అన్నవాళ్ళే మొదట దాన్ని వెతుక్కుంటారు.

ఈ యేడు నేనొక బొంతకు పూనుకున్నాను. మా తమ్ముడి కూతురికి పదహారో యేడు. పదో తరగతి మంచి మార్కులతో గట్టెక్కి, బాసర ట్రిపుల్ ఐటీలో సీటు తెచ్చుకున్నది. పదో తరగతి మార్కులను బట్టి పిల్లల్ని చేర్చుకుని ఆరేళ్ళు అక్కడే వుంచుకుని ఇంజనీర్లను చేసి పంపే చదువు అది; 2008లో మొదలయింది. మాది ఇటిక్యాల. కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న నడిగడ్డలోని వూరు. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో వున్నది, ఆ యేడు జిల్లాలు విడదీసినప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలోకి వచ్చింది. మా వైపు ఎండలు ఎవరికీ చెప్పనక్కరలేదు. చలి మాత్రం ఓ నెలన్నర వుండి వెళ్ళిపోయే చుట్టం. పిల్ల పోతున్నది రాష్ట్రానికి అటు చివర, గోదావరి ఒడ్డుకు. అక్కడ చలి చుట్టం కాదు, యింటి మనిషి.

కప్పుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా. పాలమూరు సీమలో చలికి మొదటినుంచీ వున్నది గొంగడి. కురుమలు దక్కనీ గొర్రెల బొచ్చు వడికి గుంటమగ్గం మీద నేసే నల్ల గొంగడి వానకూ చలికీ కూడా నిలబడుతుంది. దాన్ని గురించి నేను ఎత్తీ ఎత్తకముందే పిల్ల మెడ గీరుకుని చూపించింది. సరే, గుచ్చుకుంటుంది, నిజమే. పాత బొంత ఒకటి యిద్దామంటే మా యింట్లో చెప్పుకోదగ్గవి మిగలలేదు. మా పెద్దమ్మ కుట్టినవి అలంపురంలో ఆవిడ యింట్లోనే వుండేవి. 2009 అక్టోబరు మొదట్లో వచ్చిన వరదలో అలంపురమూ కర్నూలూ మునిగినప్పుడు పెట్టెలతో సహా బురద పాలయినాయి. ఉతికి ఆరేద్దామని ఎత్తితే చేతుల్లోనే ముద్దలుగా విడిపోయినాయట.

మా పెద్దమ్మ బొంత కుట్టడం నేను చూశాను. నాలుగు పాత నూలు చీరెలు ఒకదాని మీద ఒకటి పరిచి, ముడతలు లేకుండా నీళ్ళు చిలకరించి చేత్తో సవరించి, చుట్టూ కచ్చా కుట్టు వేసేది. తరువాత దబ్బనం తీసుకుని అంచు నుంచి మొదలుపెట్టి నాలుగు వైపులా తిరుగుతూ లోపలికి వచ్చేది. చిరుగు కనిపించిన చోట చేతికందిన ముక్క వేసేది. దానికొక లెక్క లేదు, గీత లేదు. కర్ణాటకలో ఉత్తర కన్నడ అడవుల్లో వుండే సిద్దీ ఆడవాళ్ళు కూడా ఇదే విధంగా అంచు నుంచి నడిమికి కుట్టుకుంటూ వస్తారు. వాళ్ళ బొంతను కవంది అంటారు. నాలుగు మూలలా ముక్కలు మడిచి చిన్న పువ్వుల్లాగా కుట్టనిదే వాళ్ళకు పని పూర్తయినట్టు కాదు. పువ్వులు లేని బొంత వాళ్ళ కంటికి బోసిగా వుంటుందట. బెంగాలు వాళ్ళయితే పాత చీరె అంచుల్లోనుంచే దారాలు లాగి, ఆ దారంతోనే పాత చీరెల్ని కాంతాలుగా కుట్టేవారు. వూరు మారితే పేరు మారింది గాని, పాత చీరెను పారెయ్యలేని ఆడవాళ్ళు అన్ని చోట్లా వున్నారు.

నేను మాత్రం ఈ బొంతకు ఫలాలీను అనుకున్నాను. ఇప్పటివాళ్ళకు ఫ్లానెల్ అంటేనే తెలుస్తుంది. ఉర్దూ దర్జీల నోట అది ఫలాలీను. మొదట్లో ఉన్నితో నేసేవారు, మనకు దొరికేది నూలుది. నేసిన తరువాత గుడ్డను ముళ్ళ రోలర్ల మీద నడిపి నూగు లేపుతారు. ఆ నూగులో గాలి చిక్కుకుని వుంటుంది. ఒంటి వెచ్చదనాన్ని పోనివ్వకుండా పట్టి వుంచేది ఆ గాలే. అందుకే ఫలాలీను బరువు లేకుండానే వెచ్చన. మెడకు గుచ్చుకోదు. హాస్టల్లో పిల్ల బకెట్టులో ఉతుక్కోగలదు. ఇంతకంటే ఏం కావాలి?

గుడ్డ ఎక్కడున్నదో కూడా నాకు తెలుసు. మా తమ్ముడి ట్రంకుపెట్టెలో. వాడు ఇరవై యేళ్ళకు పైగా లారీ నడిపాడు. మా ఎర్రవల్లి చౌరస్తా మీదుగా పోయే రోడ్డు కన్యాకుమారి నుంచి శ్రీనగరు దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి. దాని మీద వాడు పోని చోటు లేదు. చలికాలంలో అటు పోయినప్పుడల్లా రోడ్డు పక్కన బండ్ల మీద అమ్మే గళ్ళ ఫలాలీను చొక్కా ఒకటి కొనుక్కునేవాడు. అటువంటివి అయిదు. నాలుగేళ్ళ కిందట సుగరు జబ్బు వల్ల ఎడమ కంటి చూపు పోయింది. బరువు బండి లైసెన్సుకు యిక వీలు లేదు. లారీ అమ్మేశారు. ఇప్పుడు చౌరస్తాలో పాత టైర్ల కొట్టు చూసుకుంటున్నాడు. ఈ నాలుగేళ్ళలో ఆ చొక్కాలు ఒక్కసారి కూడా పెట్టె దాటి రాలేదు. ఇటిక్యాలలో ఫలాలీను చొక్కా తొడుక్కునే అవసరం ఎవరికి పడుతుంది?

నేను అడిగాను. "ఉండనీ అక్కా, మళ్ళ లైను ఎక్కితే అక్కరొస్తయి" అన్నాడు.

నేను మాట్లాడలేదు. మా మరదలు నావైపు చూసి తల దించుకున్నది. మళ్ళీ లైను ఎక్కే మాట ఆ యింట్లో ఎవరూ ఎత్తరు, ఎవరూ కాదనరు. సగం నిండిన నీళ్ళ బిందెను తలుపు పక్కన పెట్టుకుని తిరిగినట్టు, అందరూ తగలకుండా తప్పుకుని నడుస్తారు.

చిత్రమేమిటంటే నా మరదలికీ ఈ బొంత ఇష్టం లేదు. ఆమె కారణం వేరు. తమ్ముడు కొట్టుకు వెళ్ళిన తరువాత వంటింట్లో నెమ్మదిగా అన్నది: "వదినా, మా అమ్మా నాయనా బొంత మూట నెత్తిన పెట్టుకుని పోయినోళ్ళే. నా బిడ్డ కూడా బొంత పట్టుకునే పోవాల్నా?"

ఈ మాట పాలమూరు వాళ్ళకు విప్పి చెప్పనక్కరలేదు, తక్కినవాళ్ళ కోసం చెబుతాను. దేశంలో ఆనకట్టలూ కాలవలూ రోడ్లూ తవ్విన చేతుల్లో మా జిల్లా చేతులు ఎన్నో. "పాలమూరు లేబర్" అన్న పేరే స్థిరపడిపోయింది. వానలు లేక చేలు ఎండిన యేడు గుంపు మేస్త్రీ దగ్గర ముందుగా కొంత డబ్బు తీసుకుని, యింటికి తాళం వేసి, ముసలివాళ్ళను వదిలి, బస్సులూ లారీలూ ఎక్కి పోయేవారు. నెత్తిన మూటలో రెండు గిన్నెలు, పైన చుట్టిన బొంత. రైల్వే స్టేషన్లలో, బస్టాండుల్లో బొంత చుట్ట చూసి మనిషి ఎక్కడివాడో చెప్పేవారు. నా మరదలు ఆ గుంపుల్లో పెరిగిన పిల్ల. అయిదో తరగతి మూడు వూళ్ళలో మొదలుపెట్టి ఎక్కడా పూర్తి చెయ్యలేదు. ఆమె కూతురు ఇప్పుడు చదువుకు పోతున్నది. సూట్‌కేసు ఒకటి, చక్రాలది, నెల ముందే కొని గోడకు ఆనించి పెట్టుకున్నది. ఆ సూట్‌కేసు పక్కన బొంత పెట్టడం ఆమెకు ఎట్లా వుంటుందో నాకు అర్థం కాకపోలేదు.

ఇక అసలు మనిషి, కప్పుకోవలసిన మనిషి. "వద్దులే అత్తా, ఆన్‌లైన్‌లో కంఫర్టర్ తెప్పించుకుంటా" అన్నది, ఫోను లోంచి తల ఎత్తకుండా. అందులో ఏమున్నదో చూపించమన్నాను. గులాబీ రంగు పైగుడ్డ, లోపల పాలియెస్టరు దూది. చూపులకు బాగానే వున్నది. "ఇది తడిస్తే బకెట్టులో పడుతుందా? పిండగలవా? ఆరడానికి ఎన్నాళ్ళు?" అంటే సమాధానం లేదు. పదహారేళ్ళ పిల్లలకు ఉతుకుడు సంగతి కొన్న తరువాత గాని గుర్తుకు రాదు.

నేను ఆమెతో వాదించలేదు. ఆ ఫోనులోనే ఒక పేరు వెతకమన్నాను: జీస్ బెండ్. అమెరికాలో అలబామా రాష్ట్రంలో ఒక వూరు. అలబామా నది మూడు వైపులా చుట్టి పారుతుంది, మన నడిగడ్డ లాగే నీళ్ళ మధ్య నేల. ఒకప్పుడు పత్తి తోటల్లో బానిసలుగా పనిచేసినవాళ్ళ సంతతి అక్కడ వుంటారు. చలికి తట్టుకోలేని చెక్క యిళ్ళు. కట్టి పాతబడిన పని బట్టలు, పిండి సంచులు, ఏది దొరికితే అది కలిపి ఆడవాళ్ళు బొంతలు కుట్టుకున్నారు. 2002లో వాటిని హ్యూస్టన్‌లోని లలితకళల మ్యూజియంలో గోడలకు వేలాడదీశారు. తరువాత న్యూయార్కులో విట్నీ మ్యూజియంలో పెట్టారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. పిల్ల ఒక్కొక్క బొమ్మా వేళ్ళతో పెద్దది చేసి చూసింది. నీలం రంగు పని బట్టలు, మోకాళ్ళ దగ్గర వెలిసినవి, జేబు తీసేసిన చోట మాత్రం ముదురు రంగు అట్లాగే మిగిలినవి. "అమ్మా, ఇవి చూడు, అచ్చం మన బొంతలే" అని వంటింట్లోకి పరుగెత్తింది. మా మరదలు చూసి, "గోడకెందుకు, కప్పుకోక?" అన్నది. ఏమాట కామాటే, మ్యూజియం వాళ్ళకు కూడా ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టమే.

అందులో ఒక బొంత సంగతి మాత్రం ఆ రోజు నేను చెప్పలేదు. 1942లో మిస్సోరీ పెట్‌వే అనే ఆవిడ, భర్త పోయిన తరువాత ఆయన పని బట్టలన్నీ ముక్కలు చేసి బొంత కుట్టింది. ఆయన్ను తలుచుకుని దాని కింద పడుకోవడానికి. అప్పుడు కూతురు ఆర్లోంజియాకు పదిహేడో, పద్దెనిమిదో యేళ్ళు. ఆ పిల్లే తరువాత ఈ కథ లోకానికి చెప్పింది. ఎంతో గొప్ప బొంత. కాని మనవాడు నిక్షేపంలా వున్నాడు, చౌరస్తాలో టైర్లు అమ్ముతున్నాడు. అతని చొక్కాలు కోసే చోట ఈ కథ చెప్పడానికి నాకు నోరు రాలేదు. బతికున్న మనిషి బట్టలు కొయ్యాలంటే ఆ మనిషే యివ్వాలి. దానికి వేరే దారి లేదు.

అందుచేత చొక్కాలను పక్కనబెట్టి లెక్కలు మొదలుపెట్టాను. చేతిలో గుడ్డ లేకపోయినా లెక్కకు ఏం అడ్డం? హాస్టలు మంచం ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు అనుకున్నాం. బొంత రెండు పక్కలా కాస్త జారాలి, పాదాల కింద మడత పడాలి. 54 అంగుళాల వెడల్పు, 78 అంగుళాల పొడవు చాలు. ముక్క ఆరంగుళాలయితే అడ్డం 9, నిలువు 13, మొత్తం 117 ముక్కలు. ఫలాలీను దారాలు వదులుతుంది కనుక అంచుకు పావంగుళం చాలదు, అన్ని వైపులా అరంగుళం వదలాలి. అంటే కొయ్యడం ఏడంగుళాల చదరం. చిన్నచిన్న ముక్కలతో నక్షత్రాలూ పువ్వులూ చెయ్యాలని కొందరికి సరదా వుంటుంది. మందపు గుడ్డతో ఆ పని పెట్టుకుంటే అతుకుల దగ్గర బొడిపెలు కట్టి, కప్పుకున్నవాళ్ళకు గుగ్గిళ్ళ మీద పడుకున్నట్టుంటుంది. పెద్ద చదరాలు, తిన్నటి కుట్లు, కుట్టిన తరువాత మడతల్ని విప్పదీసి ఇస్త్రీ చెయ్యడం, అంతే.

నా కాగితం చూసి పిల్ల పెన్సిలు లాక్కున్నది. ట్రిపుల్ ఐటీ పిల్ల కదా, తల ఆపుకోలేకపోయింది. గళ్ళ కాగితం తెచ్చి 9 అడ్డం 13 నిలువు గీసి, "అత్తా, ఒకే రంగు రెండు పక్కపక్కన రాగూడదు, పైనా కిందా కూడా రాగూడదు" అని తనే నియమం పెట్టుకుని కూర్చున్నది. రాత్రి పదకొండుకు చూస్తే యింకా కూర్చునే వున్నది. లోపల ముక్కల మూలలు కలిసే చోట్లు 96 అని తేల్చింది. అది నాకు కావలసిన లెక్కే. పెద్దమ్మలాగా దగ్గర దగ్గరగా దబ్బనం కుట్లు వేసే ఓపిక నా వేళ్ళకు లేదు. మూలలు కలిసిన ప్రతిచోటా లావు నూలుదారం కిందికి దింపి పైకి తీసి రెండు సార్లు ముడి వేస్తే మూడు పొరలూ కదలకుండా వుంటాయి. 96 ముళ్ళు. రోజుకు ఎనిమిది వేసినా పన్నెండు రోజులు.

పొరల విషయంలో నేను గట్టిగా నిలబడ్డాను. పైన ఫలాలీను, లోపల ఒక్క పాత నూలు చీరె, కింద యింకొక చీరె. అంతకు మించి వెయ్యగూడదు. పూర్వం నాలుగూ అయిదూ వేసేవారు, ఉతకడానికి మనిషీ కృష్ణా రెండూ దగ్గరుండేవి గనక చెల్లింది.

కింది పొరకు మా మరదలు ఏమీ అనకుండా తన పెళ్ళి చీరె తెచ్చి యిచ్చింది. గద్వాల చీరె. మా గద్వాల చీరెల సొగసు తెలిసిందే. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ వేరు వేరు దారాలు గనక నేసేటప్పుడే ఒకదానిలో ఒకటి మెలివేసి కలుపుతూ పోవాలి. కుప్పడం అంటారు. ఆ కలిపిన చోటు విడిపోయిన గద్వాల చీరె నేను చూడలేదు. ఈ చీరె కూడా అంతే. నూలు ఒళ్ళు పలచబడి అక్కడక్కడా జల్లెడ అయింది గాని అంచు మాత్రం నిన్న మగ్గం దిగినట్టున్నది. "ఈ అంచు పైన చుట్టూ వెయ్యి వదినా, అప్పుడు ఎవరూ బొంత అనరు" అన్నది. ఆమె మనసు తెలుసు. అయినా జరీ మెడకు తగిలితే గొంగడి నయమనిపిస్తుంది. చివరికి పాదాల వైపు మాత్రం మూడంగుళాల అంచు వెయ్యడానికి ఒప్పందం కుదిరింది. మంచం మీద మడత పెడితే ఆ అంచే పైకి కనిపిస్తుంది. అది ఎట్లా మడత పెట్టాలో కూతురికి అప్పుడే నేర్పడం మొదలుపెట్టింది.

ఇంత జరిగినా పైన వెయ్యడానికి గుడ్డ లేదు. పిల్ల పసిబిడ్డగా వున్నప్పుడు చుట్టిన ఫలాలీను గుడ్డలు రెండు దొరికాయి. పసుపు బాతులవి, బాతులు ముప్పాతిక మాసిపోయినాయి. ఒక్కొక్క దానిలో 9 ముక్కలు, రెండింటికి 18. అక్కడ ఆగిపోయాం.

ఆ రాత్రి భోజనాల దగ్గర పిల్ల కాగితం తండ్రి ముందు పెట్టింది. గళ్ళలో రంగులు వేసి వున్నాయి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, గోధుమ. ఏ రంగు ఏ చొక్కాదో చెప్పనక్కరలేదు. వాడు కాగితాన్ని కుడి కంటికి దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు. చూసి చూసి, "బాసర్ల చలి ఎట్లుంటదో నీకు ఎరికేనా?" అన్నాడు కూతురితో. ఆమె తల అడ్డంగా ఊపింది. "నాకు ఎరికె. నిర్మల్ కాడ ఘాటు ఎక్కేటప్పుడు డిసెంబరుల తెల్లారుజామున స్టీరింగు పట్టుకుంటే చేతులు వదలకపోతుండె. బాసర కూడ ఆ జిల్లానే."

భార్యవైపు తిరిగి యింకొక మాట అన్నాడు. పానిపట్టు సంగతి. లోకంలో పాతబడ్డ ఉన్ని బట్టలు ఓడల్లో దిగి పానిపట్టుకు చేరతాయి. అక్కడ గుండీలూ జిప్పులూ తీసేసి, రంగుల వారీగా వేరు చేసి, యంత్రాల్లో చింపి మళ్ళీ నూలు తీసి కంబళ్ళు నేస్తారు. వరదలప్పుడు, భూకంపాలప్పుడు పంచిపెట్టే కంబళ్ళు ఎన్నో ఆ నూలువే. "నేనే మోసిన ఆ లోడు. కొట్ల కొత్తదని కొనేది కూడ ఎవరిదో పాత కోటే. మనది మన పాత, అంతే గద" అన్నాడు. మా మరదలు ఏమీ అనలేదు. మజ్జిగ పోసింది.

తెల్లవారి లేచేసరికి నాలుగు చొక్కాలు అరుగు మీద మడత పెట్టి వున్నాయి. గుండీలు తీసేసి ఒక చిన్న డబ్బాలో పోసి పక్కన పెట్టాడు. ఏది ఎక్కడ కొన్నదో కూడా చెప్పాడు: ఎర్రది నాగపూరులో, ఆకుపచ్చది ఝాన్సీలో, నీలం గ్వాలియర్లో, గోధుమ రంగుది పానిపట్టులో. అయిదోది లుధియానాలో కొన్నదట, అది పెట్టెలోనే వున్నది. నేను అడగలేదు, పిల్ల నోరు తెరవబోతే తల్లి కాలు తొక్కింది.

ఇక కొయ్యడం. నిండు చేతుల మగవాళ్ళ చొక్కాలో వీపు మీద ఏడంగుళాల ముక్కలు 9 వస్తాయి. ముందు రెండు పక్కలకూ మూడేసి, 6. చేతులు పైన వెడల్పు, కింద సన్నం గనక ఒక్కోదానికి 3 మించి రావు. అన్నీ కలిపి 21. మోచేతి దగ్గర అరిగి పలచబడ్డది ఒకటి తీసేస్తే 20. నాలుగు చొక్కాలకు 80. బాతులు 18. మొత్తం 98. అయిదో చొక్కా వుంటే సరిపోయి ఒక ముక్క మిగిలేది. లేదు గనక 19 తక్కువ.

గద్వాలలో నాలుగు కొట్లు తిరిగితే ఒక చోట బూడిదరంగు ఫలాలీను దొరికింది. 36 అంగుళాల పన్నా. మీటరు కొంటే అయిదు అడ్డం, అయిదు నిలువు, పాతిక ముక్కలు వస్తాయని కొట్టు కుర్రవాడు లెక్క చెప్పాడు. కొత్త ఫలాలీను నీళ్ళు తగిలితే కుంచించుకుపోతుందని అతనికి తెలియదు. ఉతికి ఆరేస్తే పన్నా ముప్ఫై అయిదుకు లోపే తేలింది. అంటే అడ్డం నాలుగే, నిలువు అయిదు, మొత్తం 20. కొన్నది కొన్నట్టు కోసి కుట్టినట్టయితే, మొదటి ఉతుకుడుకే బూడిదరంగు ముక్కలన్నీ మూతి ముడుచుకుని పక్కవాటిని లాగేవి. చొక్కాలకు ఆ భయం లేదు, అవి దేశంలోని నీళ్ళన్నీ తాగి వున్నాయి.

ఒక మార్పు పిల్ల చేయించింది. నీలం చొక్కా జేబు విప్పొద్దన్నది. జేబుతో సహా చదరం కోసి, తలవైపు కుడి మూలకు రెండోదిగా పెట్టించింది. ఫోను పెట్టుకోవడానికట. ఆ జేబులో మూలకు నీలం సిరా మరక ఒకటి వున్నది. తమ్ముడు లోడు చీటీల మీద సంతకాలు పెట్టే పెన్ను కారిన మరక. ఉతికినా పోలేదు, పోగొట్టమని ఎవరూ అడగలేదు.

పిల్ల పోయిన వారం రైలెక్కింది. ఇటిక్యాలలో ఎక్కి కాచిగూడలో దిగి, అక్కడ బాసర బండి పట్టుకుని క్షేమంగా చేరింది. బొంత దసరా సెలవులకు వచ్చినప్పుడు పట్టుకుపోవాలి. వరసలు 13లో 9 కుట్టడం అయింది. మా మరదలు మిషను మీద కుడుతున్నది, నేను ముక్కలు అందిస్తున్నాను, గళ్ళ కాగితం గోడకు అతికించి వున్నది. రాత్రి కొట్టు కట్టేసి వచ్చి తమ్ముడు ఆ కాగితం ముందు నిలబడి, యింకెంత వున్నదో లెక్కపెట్టి పోతున్నాడు.

బూడిదరంగు ముక్క ఒకటి మిగిలింది. దాన్ని ఒక సూదీ, దారపు ఉండతో కలిపి చిన్న సంచిలో వేసి బొంతతోనే పంపమని మరదలికి చెప్పాను. ఆరేళ్ళలో ఎక్కడో ఒకచోట చిరగకుండా వుండదు.